పాత ఇంజనుకు బోరు తీయించుట



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము నా విద్యకు చెందినది కాదు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. బాల్యమున తండ్రియొద్దను, పిదప గురువులయొద్దను కావ్యములును వ్యాకరణమును చదివినవాడను. ఇనుమును గూర్చి మాటాడుట నాకు చెల్లునా యని మీ రడుగవచ్చును. చెల్లదు. కాని 2023వ సంవత్సరము నిజశ్రావణమాసమున వారము దినములపాటు ఒక ఇనుపగొట్టమును గోనెసంచిలో మోసికొని దివిసీమనుండి బందరునకును, బందరునుండి గుడివాడకును తిరిగినవాడను గనుక, ఆ వారములో తెలిసికొన్నంత మట్టునకు చెప్పుటకు నాకు కొంత అధికారము లభించినదని తలంచుచున్నాను.

నాగాయలంక దాటి సముద్రపువైపు పోగా మాకు నాలుగెకరముల పొలము కలదు. దానిని నా తమ్ముడు చేయుచున్నాడు. అది శివారుభూమి. ప్రకాశము బ్యారేజివద్ద విడిచిన కృష్ణనీరు కాలువవెంట దిగి, పులిగడ్డ ఆక్విడెక్టుపై నదిపాయను దాటి, పై యూళ్ల వారందరి దప్పిక తీరిన పిమ్మట మిగిలినచో మా యూరు చేరును. మిగులనినాడు మాకు దిక్కు పొలము పక్కనున్న మురుగు కాలువ. ఆ కాలువ సముద్రమునకు చేరునది. పోటునాడు ఉప్పునీరు దానిలోనికి ఎగదట్టును. పాటునాడు పైనుండి వచ్చిన మంచినీరు నిలుచును. కావున మా రైతులు ఇంజను త్రిప్పుటకు ముందు దోసిట నీరు తీసి నాలుకతో రుచి చూతురు. నాలుకకు తగిలినది ఉప్పు అయినచో ఆ దినమునకు ఇంజను కదలదు. అచ్చటికి కరెంటు తీగ నేటికిని రాలేదు.

ఆ యేడు శోభకృత్తు. అధికశ్రావణము పోయి నిజశ్రావణము వచ్చినను ఆకాశమున మబ్బు నిలువలేదు. దేశమంతటికిని 1901 మొదలు లెక్కలలో అంతటి పొడి ఆగస్టు మాసము మరియొకటి లేదని వాతావరణశాఖవారు తరువాత తెలిపిరి. ఊడ్పులు ముగిసిన చేలు నెఱ్ఱెలు విచ్చినవి. మురుగు కాలువలో మాత్రము మోకాటిలోతు మంచినీరుండెను. శ్రావణపూర్ణిమ ఆగస్టు 30వ తేదీన తగులుచుండెను. ఆ పోటునకు ఉప్పు ఎగదట్టునని అందరకును తెలియును. 19వ తేదీ శనివారమునాడు నా తమ్ముడు ఇంజనునకు చెయ్యి వేసినాడు. అది నీలిపొగ నుమిసి, రెండుమారులు దగ్గి, ఊరకుండెను. తరువాత ఎంత త్రిప్పినను పలుకలేదు.

ఆ ఇంజను మా తండ్రిగారు 1970 ప్రాంతమున కొన్నది. నిలువుగా నుండు ఒంటి సిలిండరు. నాలుగున్నర అంగుళముల బోరు, అయిదున్నర అంగుళముల నడక, నిమిషమునకు ఆరువందల యేబది చుట్లు, ఆరు అశ్వముల బలము. ఇంగ్లండులో డర్స్‌లీ యను పట్టణమున లిస్టరు కంపెనీవారు కల్పించిన మాదిరి యది. దానిని చూచి గుజరాతులోని రాజకోటవారు పోతపోసి దేశమంతటను అమ్మిరి. ఇవి మెల్లగా తిరుగును, బరువు మిక్కుటము, ఆయువును మిక్కుటము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచినపుడు నేను చదువునకై దూరమున నుంటిని. వేలకొలది జనులు పోయిరి. మా ఇంటివారు ఊరిలోని మేడమీదికి చేరి బ్రతికిరి. నీరు తీసిన పిమ్మట పాకలేదు, గొడ్లు లేవు. పాక నిలిచిన చోట ఒండ్రులో ఈ ఇంజను చక్రము మాత్రము అరచేతిమందము పైకి కనబడుచుండెనట. మా తండ్రిగారు దానిని త్రవ్వి తీయించి, బండిమీద బందరు పంపి, పడవలకు పనిచేయు మేస్త్రీచేత ఇరువది తౌలు బోరు తీయించి తెచ్చిరి. మరుసటి సార్వాకు నీరు పెట్టినది అదియే. కనుక కొత్త ఇంజను కొనుమని ఎవరైన ననినపుడు నా తమ్ముడు వినుట లేదు. నేనును బలవంతపెట్టుట లేదు.

తౌ అను మాటను గూర్చి ఒకింత. అంగుళమున వెయ్యవ వంతును మన మేస్త్రీలు తౌ అందురు. ఇంగ్లీషు వేయిలోని తొలి అక్షరములే మిగిలి ఇట్లయినవి. సంస్కృతమున ఔకారాంతములకు మేము గ్లౌ, నౌ అను రెండు శబ్దములు వల్లించితిమి. వాని సరసన ఈ తౌశబ్దమును కూర్చుండబెట్టినచో నాకేమియు నభ్యంతరము లేదు. లైనరునకు తెలుగు చేయుమని ఒక మిత్రుడు నన్ను ప్రోత్సహించెను. వలదంటిని. పని చేయువాడు పెట్టుకొన్న పేరును పని చేయనివాడు మార్చుట ధర్మము కాదు.

ఇక లైనరనగా నేమి? ఇంజను బ్లాకులో దిగవేయబడిన పోత ఇనుపగొట్టము. దానిలో పిస్టను క్రిందుమీదులుగా నాడును. పిస్టనుచుట్టును రింగులుండి గోడకు ఒరసికొనుచు, పైనున్న గాలిని క్రిందికి జారనీయక కాచును. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ లేదు. గాలిని మిక్కిలి నొక్కినచో వేడెక్కును. ఆ వేడిలో నూనె చిమ్మగానే తనంత తాను మండును. రుడాల్ఫు డీజిలు 1897లో పనిచేయించి చూపిన సూత్రమిదియే. కావున నొక్కిన గాలి గోడపక్కనుండి జారిపోయినచో వేడి పుట్టదు, వేడి లేనిదే మంట లేదు. ఇంజనంతయు చెక్కుచెదరక యుండవచ్చును. గోడ పది పదునైదు తౌలు అరిగినచో అది ఇనుపముద్దయే.

ఈ అరుగుదల గోడయంతటను సమముగా నుండదు. పిస్టను పైకి పోయి, నిలిచి, మరల దిగు చోట అరుగుదల యెక్కువ. నిలిచిన క్షణమున నూనెపొర పలుచనగును. వేడియు ఒత్తిడియు అచ్చటనే అధికము. దానికి పైని రింగు చేరనిచోట గోడ అరుగక గట్టువలె నిలుచును. గోటితో తడవినచో తెలియును. కనెక్టింగు రాడ్డు పిస్టనును ఒక పక్కకు నెట్టును గనుక ఆ పక్క ఎక్కువ తినబడి, గుండ్రని బోరు కోడిగ్రుడ్డు వాటమగును. అట్టి బోరునకు కొత్తరింగులు వేసిన ప్రయోజనములేదు. గుండ్రని రింగు కోలగానున్న గోడ నెట్లు కాచును?

మా ఇంజనునకు జరిగిన దానిలో అరుగుదలకు తోడు ఒక అపచారము కూడ కలదు. ఆ వేసవిలోనే నా తమ్ముడు దానిని ఒక వర్కుషాపునకు తీసికొనిపోయెను. వారు లైనరునకు సానరాళ్లతో హోనింగు చేసి, కొత్తరింగులు తొడిగి, కిరసనాయిలుతో తుడిచి యిచ్చిరి. ఇరువది దినములు బాగుగా నడచినది. అంతట బలము తగ్గనారంభించెను. దోషమెచ్చటనో అప్పుడు మాకు తెలియలేదు, గుడివాడలో తెలిసినది. ఆ వర్కుషాపు పేరు చెప్పను.

ఆదివారమునాడు మా యూరి ఫిట్టరు కుఱ్ఱవాడు హెడ్డు విప్పి, లైనరును బ్లాకునుండి ఊడగొట్టి బయటికి తీసినాడు. అట్లు తీయుట తగదని మాలో నెవ్వరికిని తెలియదు. ఏడెనిమిది కిలోల బరువున్నది. నా తమ్ముడు పొలమును విడిచి రాలేడు. పదవీవిరమణ చేసినవాడను, తీరిక గలవాడను, నేను బయలుదేరితిని.

సోమవారము ఉదయమున అవనిగడ్డలో లేతుషాపు కనిపించెను. అతడు సంచి విప్పి చూచి, ఇరుసులు, బుష్షులు తన పని యనియు, బోరింగు తన పని కాదనియు స్పష్టముగా చెప్పెను. లేతుపై పెట్టి లోపల నాలుగు గీతలు గీయుట తనకును చేతనగుననియు, కాని పైనుండి క్రిందివరకు నిట్టనిలువుగా వచ్చునని మాట యీయలేననియు ననెను. కొత్త లైనరు కొనరాదా యని యొక సలహా చెప్పెను. దానికి బదులు నాయొద్ద సిద్ధముగా నుండెను. రెండేండ్ల క్రిందట బజారులో కొన్న కొత్త లైనరు మా బ్లాకులో కొన్ని తౌలు వదులై నిలువలేదు. ఆ కాలపు పోతలు ఒకదానికొకటి సరిపోవు. పాత లైనరును దిద్దుకొనుటయే మార్గము.

మధ్యాహ్నమునకు బందరు చేరితిని. పనితనమును గూర్చి ఆ యూరికి పెద్ద పేరు కలదు. 1910లో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాలలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మున్నగువారు అక్షరవిద్యతోపాటు చేతిపనులను కూడ విద్యగా నెంచి నేర్పించిరి. 1926లో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ బడుల ప్రయోగశాలలకు పరికరములు చేసి యిచ్చినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరెను. మా బడిలోని బీరువాలో ఆ కంపెనీ త్రాసు ఒకటి నేను పనిచేసిన కాలమందంతయు నుండెను. లెక్కల మాస్టారు దానిని ఎవ్వరిని ముట్టనిచ్చెడివాడు కాడు. చిలకలపూడి నగలవారు నేటికిని వెంట్రుకవాసి పని చేయుచున్నారు. ఇట్టి యూరిలో నా గొట్టమునకు వైద్యుడు దొరకకపోవునా యని ధీమాతో గిలకలదిండి హార్బరునకు పోయితిని.

అచ్చట పడవల ఇంజనులకు పనిచేయు ఒక మేస్త్రీ నన్ను కూర్చుండబెట్టి మర్యాద చేసెను. 1978లో మా ఇంజనునకు బోరు తీసినది ఆయన గురువుగారే కావచ్చునని ఇరువురమును అంచనా వేసితిమి. కాని గురువుగారు లేరు. ఆయన బోరింగు మిషనును ఇనుపసామానువానికి తూకమునకు అమ్మివేసిరట. ఎందులకనగా, ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు సముద్రమున వేట నిషేధము. ఆ రెండు మాసములలోనే పడవల ఇంజనులన్నియు విప్పి బాగుచేసికొందురు. అందరకును ఒక్కసారిగా కావలసివచ్చును గనుక బోరు తీయుచు కూర్చుండువారు లేరు. లైనరును, పిస్టనును, రింగులును ఒక పెట్టెలో కిట్టుగా వచ్చును, పాతవి తీసి పారవైచి అవి దింపుదురు. మిగిలిన పదిమాసములు మిషనునకు పని లేదు. పని లేని మిషను చోటు తినును. మేస్త్రీ చెప్పినది వినుచుండగా మా బడిలో సంస్కృతము సెక్షను ఎత్తివేసిన విధము నాకు జ్ఞాపకమునకు వచ్చెను. అది వేరొక సంగతి.

విజయవాడ ఆటోనగరునకు పొమ్మని కొందరు చెప్పిరి. అచ్చట లారీలకును బస్సులకును చేయు గొప్ప వర్కుషాపులు కలవు. వారికి ఫోను చేయించితిని. వరుసలో పెట్టినచో వారము పట్టునని బదులు వచ్చెను. వారి తప్పు లేదు. కాని పూర్ణిమ వరుసలో నిలుచునది కాదు గదా. అప్పుడు హార్బరు మేస్త్రీ కొంతసేపు ఆలోచించి, గుడివాడలో బియ్యపుమిల్లుల వెనుక ఒక వృద్ధుడు కలడనియు, ఆయన ఉన్నాడో లేడో తెలియదనియు, ఉన్నచో ఈ పనికి ఆయన చాలుననియు చెప్పెను.

మంగళవారమునాడు గుడివాడ. విజయవాడ, బందరు, భీమవరము దారులు కలియు రైలు జంక్షను. ధాన్యపు వ్యాపారమునకు పుట్టినిల్లు. పూర్వము కరెంటు రాకముందు మిల్లులు నూనె ఇంజనులతో నడచినవి గనుక టర్నర్ల కుటుంబములు ఆ యూర స్థిరపడినవి. ఆ వృద్ధుడు ఉన్నాడు. డెబ్బదియేండ్లు దాటినవాడు, చిన్న రేకులషెడ్డు, ఒక లేతు, మూలను నిలువుగా నిలిచిన బోరింగు మిషను. నా పేరును, వృత్తియు, నేను వచ్చిన పనియు విని, సంచినుండి లైనరు తీసి, అంచు పట్టుకొని వ్రేలాడవైచి, వ్రేలిమెటికతో కొట్టి చెవి యొగ్గెను. మనము సంతలో కుండను కొట్టి చూచుట లేదా, సరిగా నట్లే. గొట్టము గంటవలె మ్రోగెను. "పగులు లేదండి" అనెను. తరువాత నన్ను చూచి, "ఇదొక్కటే తెస్తే లాభం లేదండి పంతులుగారూ. దీని ఇల్లు ఏదీ?" అని యడిగెను.

ఇల్లనగా బ్లాకు. దానిని దివిసీమలో విడిచి వచ్చితిని. ఆయన కోపపడలేదు గాని, తీసినవానిని మాత్రము రెండు మాటలనెను. కారణము చెప్పగా నాకు తెలిసినది. లైనరు బ్లాకులో బిగువుగా కూర్చుండును. కూర్చుండినపుడు బ్లాకు దానిని అన్నివైపుల నొక్కి ఒకటి రెండు తౌలు ముడుచును. అన్నిచోట్ల సమముగానైన ముడువదు. బయట పెట్టి ఎంత గుండ్రముగా బోరు తీసినను, లోపల దింపగానే ఆ గుండ్రదనము చెడును. కావున ముందు ఇంటిలో కూర్చుండబెట్టి, తరువాతనే బోరు తీయవలెను. ఇంకను నొక ప్రశ్న వేసెను: పిస్టను ఏదీ? బోరు తీసిన పిమ్మట పిస్టను కొందునంటిని. ఆయన తల యడ్డముగా నూపెను. పిస్టను చేతిలో నుండవలెను, దానిని కొలిచి దానికి తగిన బోరు తీయవలెను. అచ్చులో పది, ఇరువది, ముప్పది, నలుబది అని పెద్దసైజులు వచ్చునుగాని అచ్చుపై వ్రాసిన దంతయు నిజము కాదు.

అంతట డయలు గేజి లోపలికి దింపి, పైన, నడుమ, క్రింద మూడుచోట్ల, అడ్డముగా నొకమారు, నిలువుగా నొకమారు, ఆరు కొలతలు తీసి రేకుతలుపుపై సుద్దతో వ్రాసెను. 1978 నాటి ఇరువది తౌల బోరుపై పైభాగమున మరి పదునాలుగు తౌలు పోయినది. ముప్పదికి తీసినచో గుంట మిగులును, నలుబదికి తీయవలెను. అదియును నలుబదికి తీసినను, పిస్టను నెట్టినవైపు గోడ తొమ్మిది తౌలు లోపలికి తినబడినది గనుక అచ్చట దొరకునది ఒక్క తౌ మాత్రమే. బోరు నడిమి ఇసుమంత తొలగినను ఆ మచ్చ పోదు. మచ్చ పోనిచో మరల పొగయే. "చూద్దాం లెండి" అనెను. వరహాల హామీకంటె ఆ మాట నాకు ఎక్కువ ధైర్య మిచ్చెను.

నేను తమ్మునికి ఫోను చేసితిని. అతడు ఆ రాత్రికి రాత్రి బ్లాకును మోటారుసైకిలు వెనుక కట్టి గుడివాడ తెచ్చెను. మా మేనల్లుడు తెల్లవారుజామున విజయవాడ పోయి నాలుగు దుకాణములు తిరిగి నలుబది తౌల పిస్టనును సంపాదించెను. బుధవారము పదకొండు గంటలకు అన్నియు షెడ్డులో చేరినవి.

నిరీక్షించు ఘడియలలో నాకు వాట్ కథ జ్ఞాపకమునకు వచ్చెను. మా బడిలో సైన్సు చెప్పిన మిత్రుడు దీనిని ఎన్నిమారులో చెప్పెడివాడు. జేమ్సు వాట్ తన ఆవిరియంత్రమునకు 1769లోనే హక్కుపత్రము పొందెను. కాని సిలిండరు గుండ్రముగా తీయగలవాడు దొరకక, పిస్టను పక్కల ఆవిరి పోవుచు, ఆయన ఊహ కొన్ని యేండ్లు ఊహగానే యుండెను. ఆ కాలపు మిషనులలో కత్తి పట్టిన కడ్డీకి ఒక కొనయందే ఆధారము. పోతలో నున్న వంకరను అనుసరించి కత్తియు వంకరపోవును. జాన్ విల్కిన్సన్ అను ఇనుపపనివాడు ఫిరంగులు తొలుచు కొత్త పద్ధతిని 1774లో కనిపెట్టి, మరుసటి యేట సిలిండరులకు వేరొక మిషను చేసెను. కడ్డీని గొట్టములోనుండి ఆవలికి పోనిచ్చి రెండుకొనలయందును ఆధారము నిలిపెను. అంతే. వాట్ యంత్రము నడచినది. లోకమునకు తెలిసినది వాట్ పేరు. విల్కిన్సనును ఎరిగినవారు కొందరే.

మా వృద్ధుడు బ్లాకును బల్లపై బిగించి, కత్తి నడిమిని పట్టుటకే గంటకు పైగా తీసికొనెను. అరుగని గట్టును పైన, అరుగని అడుగును క్రింద గురుతుగా గొని నడిమిని చూడవలెనట. అరిగిన గోడను నమ్మి చూచినచో అది తన వంకరనే మనకు నేర్పును. తరువాత మిషను కదలెను. ఒక మొన గల కత్తి మెల్లగా తిరుగుచు దిగును. నల్లని పొడి రాలును. మొదటిమారు గోడపై సగముచోట్ల మాత్రము మెరుపు వచ్చెను. రెండవమారు మరికొంత. సాయంకాలమునకు గోడయంతయు మెరిసెను, ఒక్కచోట తప్ప. పైభాగమున, పిస్టను నెట్టినవైపు, బొటనవ్రేలిగోరంత నల్లమచ్చ. నేను దానిని చూచి నిర్ఘాంతపోతిని. ఆయన టార్చిలైటు ఆర్పి, "ఇంకా రెండు తౌలు రాయికి ఉంచానండి. రేపు చూద్దాం" అని మిషను ఆపెను. రేపు ఎందులకు, ఇప్పుడే కాదా యంటిని. కోసిన ఇనుము వెచ్చగా నుండును. వెచ్చని ఇనుము కొలత అబద్ధము చెప్పును. రాత్రి చల్లారనిచ్చి తెల్లవారి కొలువవలెను.

ఆనాడు ఆగస్టు 23. షెడ్డు ఎదుటి టీకొట్టులో టెలివిజను ముందు జనము గుమిగూడియుండిరి. సాయంకాలము ఆరుగంటలు దాటి నాలుగు నిమిషములకు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. అందరును చప్పట్లు చరచిరి. వృద్ధుడును చరచెను, నేనును చరచితిని. ఆయన టీ త్రాగుచు, దానిలో కొలతలు ఎన్ని తౌలలో నుండునో యని నన్నడిగెను. నేనేమి చెప్పగలను?

గురువారము ఉదయమున హోనింగు. సానరాళ్లు గల పనిముట్టు తిరుగుచు పైకిని క్రిందికిని ఆడును. రెండు కదలికలు కలియుటచే గోడపై వాలుగీతలు పడి, ఒకదాని నొకటి కోసికొని చాపయల్లికవలె నేర్పడును. నేను అద్దమువలె నునుపు చేయుదురని యూహించుకొనియుంటిని. అది పొరపాటు. అద్దమువలె నున్న గోడపై నూనె నిలువదు, కొత్తరింగు గోడతో సర్దుకొనదు. ఆ గీతలలో నూనె నిలిచి రింగును కాచును. గీతల కొనలు మొదటి కొన్ని గంటలలో అరిగి రింగును గోడయు ఒండొంటికి అలవడును. నలుబది నిమిషములైన పిమ్మట ఆయన నన్ను పిలిచి టార్చి వేసి చూపెను. మచ్చ లేదు. ఉన్నచోటు ఇదియని వ్రేలితో చూపినగాని నాకు తెలియలేదు. పిస్టనును కొలిచి, దానికిని గోడకును నడుమ అయిదు తౌలు విడిచినట్లు చెప్పెను. పిస్టను అల్యూమినియము, వేడికి పోత ఇనుముకంటె రెండింతలు ఉబ్బును, ఆ చోటు విడువనిచో మధ్యదారిలో పట్టుకొనును. రింగులను ఒక్కొక్కటిగా బోరులో దింపి, కొనల నడుమ సందును రేకుతో కొలిచి, ఒకదానిని ఆకురాయితో రవంత రాచెను.

ఇప్పుడు ఆయన చేసిన పని నేను మరువలేనిది. బకెట్టునిండ వేడినీరు, బట్టలసబ్బు, కొబ్బరిపీచు. బోరును ఇంటి ఇల్లాలు ఇత్తడిబిందెను తోమినట్లు తోమెను. ఒకమారు కాదు, మూడుమారులు. తెల్లగుడ్డ కావలెననెను, షెడ్డులో నున్నవన్నియు నల్లనివే. నా కండువా అంచును చింపి యిచ్చితిని. దానికి నూనె తడిపి లోపల తుడిచి చూపెను: బూడిదరంగు. మరల తోమెను. మరల తుడిచెను: ఇంకను కొంచెము. మరల. అయిదవతూరికి గుడ్డ తెల్లగా వచ్చెను. హోనింగు చేసినపుడు రాలిన రాతిపొడి గీతలలో ఇరుకుకొనును. కిరసనాయిలు దానిని తీయజాలదు, అణగద్రొక్కును. సబ్బునీరే దానిని లేవనెత్తును. ఆ పొడి మిగిలినచో నూనెతో కలిసి ఆకురాయియై, కొత్తరింగులను పదిహేను ఇరువది దినములలో తినివేయును. వేసవిలో మా ఇంజనునకు పట్టిన రోగ మదియే. అరబకెట్టు వేడినీరును, సబ్బుముక్కయు లేకపోవుటచే ఆ అనర్థమంతయు కలిగినది. ఇది వినుచున్నవారిలో ఈ పని చేయువా రెవరైన నున్నచో ఈ ఒక్కమాటకై నా ప్రసంగమును సహింప వేడుచున్నాను.

కూలి పదునెనిమిది వందల రూపాయలు చెప్పెను. రెండువేలిచ్చితిని, రెండువందలు మరల నా సంచిలో పెట్టెను. కొలతలను ఒక చీటీపై వ్రాసియిచ్చి, మరల ఎవడైన విప్పినచో ఇది చూపవలెననెను. ఆ చీటీ మా శోభకృత్తు పంచాంగము వెనుకపుటకు అంటించియున్నది.

శుక్రవారము వరలక్ష్మీవ్రతము. ఆడవారు లోపల పూజలో నుండగా వాకిట మేము ఇంజను బిగించితిమి. మూడుగంటలకు నా తమ్ముడు హ్యాండిలు వేసి త్రిప్పి, మీట వదలెను. ఒక్కమారు ఊపిరి బిగబట్టి, దబ్బున పలికెను. పొగ లేదు. మొదటి పూట బరువు పెట్టక ఊరకే త్రిప్పి, నూనె మార్చి, మరునాటినుండి పంపు తగిలించితిమి. 26 మొదలు 29 రాత్రి వరకు రేయింబవళ్లు నడచినది. నేను కూడ రెండు రాత్రులు కరకట్టపై మడతమంచముమీద పండుకొంటిని. నిమిషమునకు ఆరువందల యేబది చుట్ల చప్పుడులో లయ కలదు. నిద్రకు అడ్డురాదు, అది ఆగినచో మెలకువ వచ్చును. 30వ తేదీ సాయంకాలము తమ్ముడు కాలువలో నీరు తీసి నోట పోసికొని ఉమిసివైచి, వచ్చి ఇంజను ఆపెను. మరునాడు ఉదయమున నల్లని చేతులతోనే జంధ్యము మార్చుకొంటిని.

మూడెకరములు నిలిచినవి. కడపటి యెకరము మెరకలోనున్నది; దానికి నీరు చేరక మునుపే ఉప్పు వచ్చెను.

సంక్రాంతికి కొత్తబియ్యము గుడివాడ తీసికొనిపోయితిని. వృద్ధుడు షెడ్డు ముందరనే కూర్చుండియుండెను. కంటికి పొర వచ్చినదట. డయలుగేజి ముల్లు కనబడుట లేదట. శస్త్రచికిత్స అయిన పిమ్మట చూతుననెను. బోరింగు మిషనుపై గోనెపట్టా కప్పియుండెను. నూనె రాచినారా యని యడిగితిని. వారము వారము రాచుచున్నానని చెప్పెను. కుమారునకు ఈ పనిపై మనసు లేదు. బియ్యపుమిల్లులో ఫిట్టరుగా నున్న మనుమడు మాత్రము ఆదివారములలో వచ్చి నడిమి పట్టుట నేర్చుకొనుచున్నాడు. ఇంకను రెండేండ్లు పట్టునని తాతగారి అంచనా. నా యెదుటనే ఆ పిల్లవానిచేత ఒక పాత లైనరును మెటికతో కొట్టించి, చెవి యొగ్గించి, ఏమి వినబడెనో చెప్పుమనెను. పిల్లవాడు కొంతసేపు ఆలోచించి, పగులు ఉన్నదనెను. తాతగారు మరల కొట్టుమనిరి.